అర డిగ్రీ వరదగుడి

చిరంజీవి మేనకోడలు పిల్లకి,

మీ అత్త దీవించి, దీవెన ఒక్కటీ చాలదని చెవి కూడా మెలేసి రాయునది. ఇక్కడ మీ నాన్న కులాసా, మీ అమ్మ కులాసా. నేనూ కులాసానే అని రాద్దామని కలం పట్టుకున్నాను గానీ చెయ్యి కదల్లేదు. పది రోజులుగా ఏది చూసినా రోతగా ఉంది. జ్వరం కాదు, కడుపు చెడలేదు, మందుల షాపులో బిళ్ల దొరికే రోగమూ కాదు. ముందు నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు రాస్తాను. నా రోగం సంగతి తర్వాత.

ఫోను ఎందుకు ఎత్తడం లేదని కోప్పడ్డావు. ఫోనులో నువ్వు "అత్తా" అనగానే నా నోట్లోకి వెటకారం వచ్చి కూర్చుంటుంది. నేనొక జోకు వేస్తాను, నువ్వు నవ్వుతావు, అసలు మాట గొంతులోనే చచ్చిపోతుంది. కాగితం నవ్వదు. రేపు పొద్దున మన ల్యాబు లైబ్రరీ ఆవిడ నువ్వు మాట్లాడే సైన్సు సభకే బయల్దేరుతోంది కాబట్టి ఆవిడ చేతికిస్తున్నాను. బుధవారం సాయంత్రానికి నీకు అందుతుంది. గురువారం నువ్వు వేదిక ఎక్కే లోపల దీన్ని చివరిదాకా చదవాలి. మధ్యలో పక్కన పడేశావంటే నా మీద ఒట్టే.

వేలు ఎలా ఉందన్నావు. కుట్లు విప్పేశారు. గోరు మొలుస్తోంది గానీ ఎంత వికారంగా మొలుస్తోందో చూస్తే నీకు రెండు పూటలు తిండి సయించదు. లేత్ మిషను మీద ముప్పై ఏళ్ళు పనిచేసిన దాన్ని, ఇనప తురుము తియ్యడానికి బ్రష్షు వాడకుండా వేలు పెట్టాను చూడు, ఆ వేలికి అలాంటి గోరే రావాలి. క్యాంటీన్ టీ మారిందా అని అడిగావు. మారింది. ఇదివరకు గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉండేది, ఇప్పుడు కడగని గిన్నెలో నీళ్ళలా ఉంది.

మీ నాన్న సంగతి చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుతుంది. మీరు అచ్చేయించిన ఆ రీసెర్చి పేపరు మొదటి పేజీకి అద్దం బిగించి ఫ్రిజ్జు పైన మేకు కొట్టాడు. గ్యాసు బండ తెచ్చినవాణ్ణి కూడా నిలబెట్టి చూపిస్తున్నాడు. "మొదటి పేరు మా అమ్మాయిది, చివరి పేరు మా చెల్లెలిది. తొమ్మిదో తరగతిలో లెక్కల పంతులు కుర్చీకి గ్రీజు రాసిందని బడిలోంచి గెంటేశారు దీన్ని, ఇప్పుడు చూడు!" అంటాడు. గ్యాసువాడు బండ దించి, నడుం పట్టుకుని, "బాగుందండీ" అంటాడు, పాపం. నేను ఆ అద్దాన్ని రోజూ గోడ వైపు తిప్పుతాను. మీ నాన్న రోజూ ఇటు తిప్పుతాడు. ఇంట్లో మాటల్లేవు, ఈ తిప్పుడే ఉంది.

ఇక నీ ఉపన్యాసంలో మామూలు జనానికి చెప్పే పది నిమిషాల ముక్క కోసం, నేను టీ బల్ల దగ్గర చెప్పిన వరదగుడి కథ రాసి పంపమన్నావు. చదువుకున్నదానివి నువ్వు, కథ చెప్పడానికి నేనా? సరే, రాసుకో.

కార్బన్ కేంద్రకం ఒక ఇల్లు. మామూలు కార్బన్‌లో పన్నెండు మంది, ఆరుగురు ప్రోటాన్లు, ఆరుగురు న్యూట్రాన్లు. ఒకళ్ళ మోకాలు ఒకళ్ళ వీపులో దిగేంత ఇరుగ్గా ఉంటారు. మీరు కొలిచిన కార్బన్‌లో పదమూడోవాడు ఒకడున్నాడు, అదనపు న్యూట్రాన్. ఇల్లు నిమ్మళంగా ఉన్నంతసేపు వాడూ అందరితో పాటే ముడుచుకుని కూర్చుంటాడు. ఎవడు అదనమో బయటివాళ్ళకి తెలియదు. ఇప్పుడు మన ల్యాబు యంత్రం హీలియం గింజలతో ఆ ఇంటిని కొడుతుంది. ఇల్లు రెచ్చిపోతుంది. అన్ని రెచ్చిపోవడాలూ ఒక్కలా ఉండవు. ఒకానొక రకం రెచ్చిపోవడంలో మాత్రం ఆ పదమూడోవాడు లేచి, గుమ్మం దాటి, వీధి చివరిదాకా పోతాడు. వెళ్ళిపోయాడా అంటే వెళ్ళలేదు, ఉన్నాడా అంటే ఇంట్లో లేడు. మీ అమ్మతో గొడవ పడ్డప్పుడు మీ నాన్న కరెంటు స్తంభం దగ్గర చేతులు కట్టుకుని నిలబడతాడు చూడు, అలాగన్నమాట. బ్యాగు సర్దడు, లోపలికి రాడు. ఆ కాసేపూ మన ఇల్లు ఎంతవరకు అని ఎవరైనా అడిగితే స్తంభందాకా అని చెప్పాలి. కేంద్రకం చుట్టూ ఉన్న ఆ పల్చటి మసకని మీరు హేలో అంటారు. చంద్రుడి చుట్టూ కట్టినట్టే ఉంది కాబట్టి నేను వరదగుడి అన్నాను.

రెప్పపాటుని కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కని మళ్ళీ కోటి ముక్కలు చేస్తే, ఆ ముక్కంత సేపు కూడా ఉండదట ఆ గుడి. పదమూడోవాడు ఒక కిరణం విసిరేసి ఇంట్లోకొచ్చి కూర్చుంటాడు. అంత సేపట్లో టేపు పెట్టి కొలవలేం కదా. అందుకే, తగిలిన గింజలు ఏ కోణంలో ఎన్ని చెదిరాయో లెక్కపెడతారు. ఒక కోణంలో దట్టంగా పడతాయి, ఒక కోణంలో పల్చబడి గుంటలా కనిపిస్తుంది. ఆ గుంట చిన్న కోణం వైపు జరిగిందంటే ఇల్లు పెద్దదైనట్టు. ఇంతే సంగతి. దీనికోసం మీరంతా జుట్టు ఊడేదాకా చదివారు.

దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన అంటారు. నీది దూరం గుడి, వాన దగ్గర్లోనే ఉంది. తలుపు దగ్గరగా వేసుకుని, కూర్చుని చదువు.

నీ ఆఖరి ప్రశ్న ఇది. "పేపర్లో నీ పేరు చూసుకుని ఎందుకత్తా అలా మొహం మాడ్చుకున్నావ్? పేరు తప్పు పడిందా?" తప్పు పడలేదమ్మా. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. పోకుండా దగ్గరుండి చెప్పింది నేనే. నా రోగం అదే.

ఇది పరాచికం కాదు. నా మాట నువ్వు నమ్మవని తెలుసు. నీ ఏడో ఏట పుచ్చగింజ మింగావని, చెవుల్లోంచి తీగ వస్తుందని చెప్పి మూడు రోజులు ఏడిపించాను. పరీక్ష వాయిదా పడిందని దొంగ ఉత్తరం టైపు చేయించాను. లాగ్‌బుక్ అంచులకి చేదు మాత్ర నూరి రాసి మీ గురువుగారి చేత పేజీ పేజీకీ నోరు కడిగించాను. వేలు నాలుక మీద అద్దుకోకుండా పేజీ తిప్పలేని ఆయనకి తడివేలాయన అని పేరు పెట్టిందీ నేనే. అందుకని నన్ను నమ్మొద్దు. ఈ కవర్లో నల్లరంగు పూసిన ఇత్తడి ముక్క ఒకటి పెట్టాను. దాన్ని నమ్ము. అక్కడ ఎవరి దగ్గరైనా కాలిపర్స్ ఉంటే తీసుకుని మందం చూడు. మూడున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. కార్బన్‌ని పెట్టి కొట్టే మన స్టీలు డ్రమ్ములో కోణాల స్కేలు మధ్య నుంచి నలభై సెంటీమీటర్ల దూరంలో ఉంది. నలభై సెంటీమీటర్ల దగ్గర మూడున్నర మిల్లీమీటర్లు అంటే ఎంత కోణమో నీకు నేను చెప్పక్కర్లేదు.

అర డిగ్రీ. స్కేలు మీద ముల్లు ఆనుకునే చోట ఆ ముక్క దూర్చింది నేను.

ఎందుకంటే, మొదటి వారం నిమ్మళంగా ఉన్న కార్బన్‌ని కొలవడం అయ్యాక, డ్రమ్ము తెరిచి, గింజలు లెక్కపెట్టే డిటెక్టర్ మార్చారు గుర్తుందా? ఆ పూట ఎవరో పెద్దమనుషులు చూడటానికొచ్చారు. నేను ఆ నల్ల కార్బన్ రేకుని, గట్టిగా ఊపిరి వదిలితే చిరిగిపోయేదాన్ని, చట్రానికి బిగిస్తున్నాను. వాళ్ళలో ఒకాయన నన్ను ఏదో అడగబోతే తడివేలాయన అడ్డొచ్చి, "ఈవిణ్ణి అడక్కండి. నట్లు బిగించే ఆవిడ. అర డిగ్రీకీ అరటిపండుకీ తేడా తెలియదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే అనుకున్నాను, అర డిగ్రీ ఎవరికి తెలియదో చూద్దాం అని.

డ్రమ్ము తెరిచి మూసిన ప్రతిసారీ కుడీ ఎడమా చూడాలని మన రూలు. డిటెక్టర్‌ని ఎడమ పక్క ఒక కోణంలో పెట్టి గింజలు లెక్కపెట్టడం, కుడి పక్క అదే కోణంలో పెట్టి లెక్కపెట్టడం. రెండూ సమానమైతే ముల్లు సరిగ్గా ఉన్నట్టు. తేడా వస్తే ముల్లు అబద్ధమాడుతున్నట్టు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లో ముల్లు తప్పిందని తడివేలాయనకి చెమటలు పట్టాలి, నేను సాసర్లో ఇత్తడి ముక్క పెట్టుకుని పెళ్ళికూతురిలా నడిచి రావాలి, "ఏమండీ, ఇదేనా తమరు వెతుకుతున్న అరటిపండు?" అనాలి. ఇదీ నా ప్లాను. డ్రమ్ములో గాలి లాగే పంపు వెనకాల నూనె కంపులో కూర్చుని కాచుకున్నాను.

ఆయన వచ్చాడు. కుర్చీలో కూలబడ్డాడు. వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు. "కుడి ఎడమ చూడబడినది" అని రాసి సంతకం పెట్టాడు. డ్రమ్ము వైపు తల కూడా తిప్పలేదు. ఆ తర్వాత రెండో సంతకం చెయ్యాల్సిన మనిషి మెట్లు దిగి వచ్చింది. నిలబడే పెట్టేసింది.

ఆ మనిషివి నువ్వు.

పంపు వెనక నుంచి నేను చూశాను పిల్లా. ఆయన పెట్టాడు కదా అని పెట్టావు. ఆ క్షణాన బయటికొచ్చి ముక్క తీసి చూపిస్తే అక్కడితో సరిపోయేది. మీ ఇద్దరి చెవులూ మెలేసి టీకి పోయేదాన్ని. రాలేదు. ఎందుకు రాలేదంటే నాకు ఇంకా పెద్ద నవ్వు కావాల్సొచ్చింది. ఒక పూట యంత్రం తిరిగాక, అంకెలు వచ్చాక చెబితే ఆయన మొహం ఇంకా చూడముచ్చటగా ఉంటుందని ఆశ పడ్డాను. ఆ మధ్యాహ్నమే లేత్ నా వేలు పట్టుకుంది. నాలుగు రోజులు ఆసుపత్రిలో మత్తు మందుల మధ్య ఉన్నాను. ఆ నాలుగు రోజులూ మీరు రెచ్చిపోయిన కార్బన్‌ని కొలిచారు. నిమ్మళం కార్బన్‌ని సరైన ముల్లుతోనూ, రెచ్చిన కార్బన్‌ని నా ముల్లుతోనూ. రెండోసారి బీమ్, అంటే గింజల ధార, పెంచారు కాబట్టి నిమ్మళం కార్బన్ నుంచి చెదిరిన గింజలు కుప్పలుగా పడి డిటెక్టర్ ఉక్కిరిబిక్కిరవుతుందని వాటికి అడ్డు పెట్టేశారు. వాటిని అప్పుడు కూడా చూసి ఉంటే తప్పు దొరికిపోయేది.

ఐదో రోజు చేతికి కట్టుతో వచ్చాను. వరండాలోకి అడుగు పెట్టగానే కేకు కంపు. తెల్ల క్రీము మీద నీలం ముద్ద, దాని చుట్టూ నీలం వలయం. సగం కొరికిన ముక్కలు, క్రీము పూసుకున్న కాగితం ప్లేట్లు, ఒక ప్లేట్లో ఎవడో ఆర్పిన సిగరెట్టు. నువ్వు పరిగెత్తుకొచ్చి వాటేసుకుని, "వచ్చిందత్తా! గుడి వచ్చింది! గుంట ఏడున్నరకి జరిగింది!" అన్నావు. నీ బుగ్గ మీది క్రీము నా బుగ్గకంటింది. ఎనిమిదికి అటూ ఇటుగా ఉండాల్సింది ఏడున్నర. ఆ తేడా నా ముక్కదేనేమోనని తోచింది.

తిన్నగా తడివేలాయన గదికి పోయి మొత్తం చెప్పాను. అరుస్తాడనుకున్నాను. పనిలోంచి తీసేస్తాడనుకున్నాను. అలా చేసినా నయమే.

"తలుపు వెయ్యమ్మా," అన్నాడు. వేశాను.

"ఎవరికైనా చెప్పావా?"

"మీకే మొదట."

"నాకే ఆఖరు అనుకో."

"అదేంటండీ! అన్ని అంకెలకీ అర డిగ్రీ కలిపి మళ్ళీ లెక్క చెయ్యాలి కదా?"

"చేస్తే ఏమొస్తుంది?"

"నాకేం తెలుసండీ. నట్లు బిగించేదాన్ని."

"నేను చెయ్యను," అన్నాడు. గొంతు చాలా మెత్తగా ఉంది. "చేస్తే తెలుస్తుంది. తెలిస్తే చెప్పాలి. ఇప్పుడు నాకూ తెలియదు, నీకూ తెలియదు. ప్రాణానికి హాయి కదా? అయినా మొదటి పేరు మీ మేనకోడలిది. దాని నోటి దగ్గర కూడు లాగేస్తావా?"

ఆయన వేలు నాలుకకి అద్దుకుని, ముందున్న కాగితాల్లో పేర్లు రాసుకున్న పేజీ తీసి, "రేకులన్నీ నువ్వే కదా బిగించింది. నీ పేరు కూడా ఉండాలి, న్యాయం. స్పెల్లింగ్ చెప్పు," అన్నాడు.

ఆ కాగితాలు ఆయన మొహాన కొట్టి రావాల్సింది. నోట్లో అన్ని తిట్లు పెట్టుకు తిరిగే మీ అత్త ఏం చేసిందో తెలుసా? చెప్పింది. అక్షరం అక్షరం చెప్పింది. ఆయన ఒకచోట తప్పు రాస్తే, "కాదండీ, అక్కడ దీర్ఘం ఉంటుంది," అని వంగి సరిచేసింది కూడా. ఆ తడి పేజీ మీద.

ఆయన్ని తలుచుకుంటే నాకు అసహ్యం. ఆయన ఎప్పుడూ అంతే కాబట్టి ఆ అసహ్యానికి నేను అలవాటు పడ్డాను. నన్ను తలుచుకుంటే వచ్చే రోతకి మాత్రం అలవాటు పడలేకపోతున్నాను. అద్దం ముందు మొహం కడుక్కునేటప్పుడు ఆ దీర్ఘం గుర్తొస్తుంది. మూడు నెలలు నేను అదే నోటితో తిన్నాను, అదే నోటితో అందరి మీదా జోకులేశాను.

పది రోజుల కిందట నీ ఉత్తరం వచ్చింది. మీ అమ్మ గిన్నెలు కడుగుతూ ఆగి, చేతులు తుడుచుకుని, పైకి చదివింది. గురువారం మాట్లాడాక సభ జరిగే ఊళ్ళోని ఆ పెద్ద యంత్రం ల్యాబువాళ్ళు నీకు సొంతంగా ఒక జట్టుని అప్పజెబుతారట. "ఇదంతా అత్త చేతి చలవ" అని రాశావు. నేను సింకు దగ్గరికి పోయి, తిన్నదంతా కక్కేశాను. మీ అమ్మ వీపు నిమిరింది. నిమురుతూ నిమురుతూ ఆపింది.

"ఏం చేశావ్?" అంది.

చెప్పాను. మీ అమ్మ ఎప్పుడూ నన్ను ఒక్క మాట అనదని నీకు తెలుసు. "నీ నవ్వులాటకి నా కూతురు నలుగురిలో నవ్వులపాలవ్వాలా వదినా?" అంది. ఆ తర్వాత, "దాని సంతకం కూడా ఉందా?" అంది. ఉందన్నాను. చాలాసేపు పంపు కింద ఒకటే గిన్నె కడిగింది. "అయితే దానికీ చెప్పు. నన్ను చూసి దాచకు," అంది.

ఎందుకైనా మంచిదని ముందు రుజువు చేసుకున్నాను. మూడు నెలలుగా ఆ డ్రమ్ము ఎవరూ తెరవలేదు. శనివారం పొద్దున యంత్రం నడిపే ఆపరేటర్‌ని బతిమాలాను. సంగతి విని ఆయన, "నీ మొహం చూస్తే ఇదీ నాటకమే అనిపిస్తోంది," అన్నాడు గానీ కాస్త బీమ్ ఇచ్చాడు. కుడీ ఎడమా చూశాం. ఎడమ పక్క పది డిగ్రీల దగ్గర ఎన్ని గింజలు పడ్డాయో, కుడి పక్క అన్ని పడాలంటే పదకొండుకి జరపాల్సొచ్చింది. తేడా ఒకటి. సగం చేస్తే అర. తర్వాత ముక్క తీసేసి మళ్ళీ చూశాం. రెండు పక్కలా పదే. ఇదంతా లాగ్‌బుక్‌లో, మీ రెండు సంతకాలున్న పేజీ తర్వాత ఖాళీగా ఉన్న పేజీలో, తారీఖు వేసి ఎర్ర సిరాతో రాశాను. ఎవరు దూర్చారో, ఎందుకు దూర్చారో, ఎవరికి ఏ రోజు చెప్పానో అన్నీ రాశాను. కింద నేను సంతకం పెట్టాను, ఆపరేటర్ సాక్షి సంతకం పెట్టాడు. మీ తడివేలాయన మీతోనే అక్కడ ఉన్నాడు కాబట్టి చింపడానికి ఇక్కడ ఎవరూ లేరు.

అంటే నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఇది బయటికొస్తుంది. నిన్ను బలవంతం చేసినట్టే అయింది. నాకు వేరే దారి తోచలేదు. ఇంకొకసారి నాకు ఎవరైనా ఏదైనా ఆశ చూపిస్తే మళ్ళీ నోరు మూసుకుంటానేమోనని భయపడి, ముందే రాసేశాను. నా మీద నాకున్న నమ్మకం అంత.

ఇప్పుడు నీ పని. ఆ నాలుగు రోజుల్లో ఎడమ పక్క కొలిచిన ప్రతి కోణానికీ అర డిగ్రీ కలిపి, గుంట ఎక్కడ పడుతుందో చూడు. గుడి పూర్తిగా మాయమవుతుందో, చిన్నదై మిగులుతుందో, ఏమీ తేల్చుకోలేకుండా మసగ్గా ఉండిపోతుందో నాకు తెలియదు. మిగలాలని నేను దణ్ణాలు పెట్టడం లేదు, నీకోసం కూడా. ఆ పదమూడోవాడు నిజంగా గుమ్మం దాటాడో లేదో వాడికి తెలుసు. నా దణ్ణానికి వాడు వీధిలోకి రాడు, నీ ఉద్యోగానికీ రాడు.

తడివేలాయన నీ పక్కన చేరి, ముందు మాట్లాడెయ్, తర్వాత చిన్న సవరణ అచ్చేయిద్దాం అంటాడు. మెత్తగా అంటాడు. నీ మంచికే అన్నట్టు అంటాడు. ఆ మెత్తదనం ఎలా ఉంటుందో నేను రుచి చూశాను. మూడు నెలలైనా నోట్లోంచి పోలేదు.

ఉద్యోగం పోతుందేమో. ఏడుపొస్తే ఏడువు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, మనింట్లో అరువు తెచ్చుకోవాల్సినంత తిట్ల కరువేం లేదు. ఇంటికొచ్చాక నాతో మాట్లాడకపోయినా నేనేం అనుకోను, అనుకున్నా పైకి అనను. ఒక్క మాట మాత్రం విను. వేదిక ఎక్కి, "మా వర్క్‌షాపులో ఒకావిడ చేసిన తుంటరి పని వల్ల" అని మొదలుపెట్టాలని నీకు అనిపిస్తుంది. అది నిజమే. నా పేరు కూడా చెప్పు, స్పెల్లింగ్ నీకు తెలుసు. కానీ దాంతో మొదలుపెట్టకు. నాలాంటి వెధవలు ప్రతి వర్క్‌షాపులోనూ ఒకళ్ళుంటారు, ఒకళ్ళు లేకపోతే ఎలుకో, వదులైన నట్టో ఉంటుంది. కుడీ ఎడమా చూడమన్నది అందుకే. మైకు ముందు నిలబడి, ఆయన వైపు చూడకుండా, "మేము చూడలేదు. చూసినట్టు సంతకం పెట్టాం," అని మొదలుపెట్టు. ఆ మాట నీ నోట్లోంచి వచ్చాక, మిగతాదంతా ఎవరి మీద ఎంత కక్కినా నాకు సమ్మతమే.

ఇట్లు,
నిన్ను భుజాన వేసుకుని ఆ మిషన్లన్నీ మొదటిసారి చూపించిన
నీ మేనత్త